కానాగంత, దాని మొప్పల్లోని పురుగు: ఒకే చేప నుంచి రెండు మైటోకాండ్రియల్ జీనోమ్‌లు తీసే పద్ధతి

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారి పాటకు వచ్చే కానాగంతల్లో ఓ ఇరవై కొని మొప్పల మూతలు ఎత్తి చూడండి. కొన్నిట్లో వేలిగోరంత తెల్లని ఐసోపాడ్ కూర్చుని ఉండొచ్చు. మొప్పలను కోసి మైక్రోస్కోప్ కింద పెడితే పోగులను పట్టుకుని వేలాడే మోనోజీనియన్లు, కడుపు కోస్తే ట్రిమటోడ్లు, పేగుల మీద చుట్టలు చుట్టుకున్న నెమటోడ్ లార్వాలు దొరకొచ్చు. ఇలా ఒక్క చేపలోనే వెన్నెముక జీవి (చేప), కీళ్లకాళ్ల జీవి (ఐసోపాడ్), బల్లపరుపు పురుగు (మోనోజీనియన్, ట్రిమటోడ్), గుండ్రటి పురుగు (నెమటోడ్) కలిసి కాపురం ఉంటాయి. పరిణామాన్ని చదవడానికి ఇంతకన్నా చవకైన సామగ్రి దొరకదు.

కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాకు సొంత డీఎన్‌ఏ ఉంటుంది, అదే మైటోకాండ్రియల్ జీనోమ్. వీటి మైటోకాండ్రియల్ జీనోమ్ చిన్నది. చేపకు సుమారు 16,500 బేస్‌లు (డీఎన్‌ఏ అక్షరాలు), పురుగులకు చాలావరకు 14,000 అటూ ఇటూ. సాధారణంగా 37 జన్యువులు ఉంటాయి: ప్రోటీన్లకు 13, ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏలకు 22, రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏలకు 2. మనిషిది 16,569 బేస్‌లు. దాన్ని 1981లోనే పూర్తిగా చదివేశారు. ఇప్పుడు చదవడం కష్టమైన పని కాదు. చదివింది ఎవరిదో తేల్చడమే కష్టం. పురుగు చేప ఒంటి మీద ఉంటుంది, పురుగు కడుపులో చేప రక్తం ఉంటుంది, రెంటి ట్యూబులూ ఒకే స్టాండులో ఉంటాయి. కింద చెప్పే ప్రతి దశలోనూ అసలు జాగ్రత్త ఆ ఒక్క విషయం గురించే.

ప్రశ్న తేల్చుకున్నాకే కత్తెర పట్టండి

"ఈ పురుగు జీనోమ్ ఇంతవరకు ఎవరూ తీయలేదు" అన్నది ప్రశ్న కాదు. ప్రశ్నంటే ఇలా ఉండాలి: కానాగంత మీది మోనోజీనియన్, దగ్గరి బంధువైన చేప మీది మోనోజీనియన్ అక్కచెల్లెళ్లేనా, లేక పురుగు మధ్యలో చేపను మార్చిందా? దానికి ఒక్క జీనోమ్ చాలదు. కనీసం నాలుగైదు జాతుల చేపలు, వాటి పురుగులు, ఒక్కో జాతి నుంచి మూడేసి నమూనాలు, పోల్చడానికి బయటి కుటుంబం నుంచి ఒకటి రెండు కావాలి. బయటివి డేటాబేస్‌లో సిద్ధంగా దొరుకుతాయి. మైటోకాండ్రియా మొత్తం తల్లి వైపు నుంచి ఒకే ముక్కగా వస్తుంది. అందులో 37 జన్యువులున్నా సాక్ష్యం ఒక్కటే. చేపల్లో రెండు జాతుల మధ్య సంకరం జరిగి ఉంటే ఈ వంశవృక్షం తల్లి కథ మాత్రమే చెబుతుంది. అందుకే అదే నమూనా నుంచి కణ కేంద్రకంలో ఉండే జన్యువు ఒకటైనా, ఉదాహరణకు 28ఎస్ అనే రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువును, చదివి పక్కన పెట్టుకోవాలి.

కానాగంతను ఉదాహరణగా తీసుకోవడానికి ఇంకో కారణం ఉంది. ప్రకృతి శాస్త్రవేత్త ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నం చేపల బొమ్మలను స్థానిక పేర్లతోనే 1803లో అచ్చు వేయించాడు. ఆ పేరునే తీసుకుని ఫ్రెంచ్ జంతుశాస్త్రవేత్త క్యువియే 1816లో ఈ జాతికి కనగుర్త అని నామకరణం చేశాడు. శాస్త్రీయంగా దీని పుట్టిల్లు మన రేవే కాబట్టి ఇక్కడి నమూనా జీనోమ్‌కు వర్గీకరణలో విలువ ఎక్కువ. రేపు ఈ జాతిని ఎవరైనా రెండుగా చీలిస్తే ఏ ముక్కకు పాత పేరు ఉండాలో ఇక్కడి చేపను చూసే తేలుస్తారు.

రేవులో

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో తెప్పలు, చిన్న పడవల మీద వచ్చే చేపే దిక్కు. పనిని ఆ లెక్క చూసుకుని వేసుకోండి.

హార్బర్ అక్షాంశ రేఖాంశాలు రాసేసి "సేకరించిన చోటు" అనడం చాలామంది చేసే తప్పు. చేపను పట్టింది అక్కడ కాదు. పడవ ఒడిశా వైపు వెళ్లి వచ్చి ఉండొచ్చు. ఎటువైపు, ఎన్ని బారల లోతులో, ఏ వలతో పట్టారని సరంగును (పడవ నడిపేవాణ్ని) అడిగి రాసుకోండి. బార అంటే సుమారు 1.8 మీటర్లు, నోటుపుస్తకంలో ఆయన చెప్పిన మాటా మీటర్లూ రెండూ ఉండాలి.

చేపకు సమానమైన బరువు ఐస్ వేసి, ప్రతి చేపనూ విడి పాలిథిన్ సంచిలో కట్టండి. ఇరవై చేపల్ని ఒకే గంపలో తెస్తే ఒకదాని పురుగులు ఇంకోదాని మీదకు జారతాయి, అతిథేయి (పురుగుకు చోటిచ్చిన చేప) ఎవరన్న సమాచారం అక్కడే పోతుంది. కానాగంత త్వరగా చెడే చేప. పట్టిన నాలుగైదు గంటల్లో మొప్పలు కోయలేకపోతే పల్చటి మోనోజీనియన్లు కరిగిపోతాయి, గట్టి పెంకున్న ఐసోపాడ్లు మాత్రం మిగులుతాయి. అప్పుడు "మోనోజీనియన్లు లేవు" అని రాసుకుంటే అది అబద్ధపు లెక్క.

తాబేళ్లు, తిమింగల సొరలాంటివి వలలో చనిపోయి వచ్చినా అనుమతి లేకుండా ముట్టుకోకండి. అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. నమూనాను విదేశీ ల్యాబ్‌కు పంపాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. దేశంలోనే సీక్వెన్స్ చేయించుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

చేప కండ ఒక చోట, పురుగు ఇంకో చోట

ముందు చేప నమూనా. మొప్ప నుంచి ఎప్పుడూ తీయకండి, పరాన్నజీవులు ఉండేది అక్కడే. వెన్ను పక్కన చర్మాన్ని 70 శాతం ఇథనాల్‌తో తుడిచి, చర్మం ఒలిచి, లోపలి తెల్ల కండ పెసరగింజంత ముక్కలు రెండు తీయండి. ఆ కత్తెరను, ఫోర్సెప్స్‌ను బ్లీచ్ ద్రావణంలో ముంచి, నీళ్లతో కడిగి, మంట మీద కాల్చాకే పురుగు దగ్గరకు వెళ్లాలి. వీలైతే పురుగుకు వేరే సెట్టు పెట్టుకోండి.

మొప్ప చాపాలను రెండు కొసలా కత్తిరించి, వడకట్టిన సముద్రపు నీళ్లున్న పెట్రీ డిష్‌లో పరిచి 10 నుంచి 40 రెట్ల పెద్దదిగా చూడండి. మోనోజీనియన్‌ను ఫోర్సెప్స్‌తో లాగితే వెనుక భాగంలోని పట్లు (పట్టుకునే కొక్కేలు) మొప్పలోనే ఉండిపోతాయి, జాతి గుర్తుపట్టేది వాటితోనే. పురుగు పట్టుకున్న పోగును సూదితో పక్కకు తోసి విడిపించాలి. ఓపిక లేకపోతే పోగుతో సహా కత్తిరించి తర్వాత వేరుచేయండి. మంచినీళ్లు వాడకండి, సముద్రపు పురుగు ఉబ్బి చిట్లుతుంది.

బతికున్న పురుగును శుభ్రమైన, వడకట్టిన సముద్రపు నీళ్లలో గంటా రెండు గంటలు వదిలేయండి. తిన్నది కొంత బయటికి పోతుంది. ఆ తర్వాత కనీసం ఐదుసార్లు నీళ్లు మార్చి కడగండి. ఈ రెండు గంటల ఉపవాసానికి ఖర్చేమీ లేదు, కానీ ఇది చేస్తే సీక్వెన్స్ డేటాలో చేప వాటా బాగా తగ్గుతుంది. రక్తం తాగే జాతులకు ఇది తప్పనిసరి.

ఐసోపాడ్ విషయంలో ఒక తమాషా ఉంది. సైమోథోయిడ్ కుటుంబంలో జంతువు ముందు మగగా పెరిగి, తర్వాత ఆడగా మారుతుంది. మొప్ప అరలో పెద్దది ఆడది, పక్కన చిన్నది మగది దొరికితే అవి రెండు జాతులని పొరబడకండి. ఆడదాని పొట్ట కింది సంచిలో పిల్లలుంటే ఏం చేయాలని కంగారు పడనక్కర్లేదు. వాటి మైటోకాండ్రియా తల్లిదే కాబట్టి రెండూ కలిసినా ఈ పనికి నష్టం లేదు. కేంద్రక జన్యువులు చదవాలనుకుంటే మాత్రం సంచి తీసేయండి.

నిల్వకు 95 శాతం కన్నా తక్కువ కాని ఇథనాల్ వాడాలి. కండకు పది రెట్లు ద్రవం పోసి, 24 గంటల తర్వాత పాతది పారబోసి కొత్తది పోయండి. మొదటి ఇథనాల్‌లో కండలోని నీళ్లు కలిసి సాంద్రత పడిపోయి ఉంటుంది, చాలా నమూనాలు చెడేది అందుకే. ఫార్మలిన్ వద్దే వద్దు, అది డీఎన్‌ఏను ప్రోటీన్లతో అతికేస్తుంది. ఆకారం చూడటానికి ఫార్మలిన్‌లో పెట్టే పురుగులు వేరే, డీఎన్‌ఏకు పెట్టేవి వేరే. స్పిరిట్ పేరుతో అమ్మేదాంట్లో మిథనాల్, రంగు కలుస్తాయి కాబట్టి అదీ వద్దు. అసలు ఇథనాల్‌కు ఎక్సైజ్ అనుమతి కావాలి, దాని కోసం నెలల ముందే కాగితాలు పెట్టండి.

విశాఖ ఉక్కలో మూత కాస్త వదులైనా ఇథనాల్ ఆవిరైపోతుంది. మూతకు పారాఫిల్మ్ చుట్టండి. మైనస్ 20 ఫ్రీజర్‌లో ఒక ముక్క, మామూలు గదిలో ఇథనాల్‌లో ఇంకో ముక్క ఉంచండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేకపోతే ఫ్రీజర్లు ఏమయ్యాయో గుర్తున్నవాళ్లకు ఈ రెండో ముక్క ఎందుకో చెప్పనక్కర్లేదు.

లేబుల్‌ను పెన్సిల్‌తో మందపాటి కాగితం మీద రాసి ట్యూబ్ లోపల వేయండి. బయట రాసిన మార్కర్ సిరాను ఇథనాల్ తుడిచేస్తుంది.

వోచర్ లేకుండా జీనోమ్ వద్దు

వోచర్ అంటే తర్వాత సరిచూసుకోవడానికి దాచే జంతువు లేదా దాని భాగం. పురుగు మొత్తాన్ని డీఎన్‌ఏకు కరిగించేస్తే, తర్వాత ఎవరైనా "ఇది ఫలానా జాతేనా?" అంటే చూపించడానికి ఏమీ మిగలదు. పెద్ద నెమటోడ్‌కైతే తల, తోక కత్తిరించి గ్లిసరిన్ స్లయిడ్‌కు ఉంచి, నడుము భాగం డీఎన్‌ఏకు వాడండి. మోనోజీనియన్‌కు ముందు భాగంలోని జననాంగం, వెనుక పట్లు రెండూ కావాలి, అక్కడా నడుమే డీఎన్‌ఏకు. ఐసోపాడ్‌కు ఒకవైపు కాళ్లు రెండు మూడు చాలు, మిగతా జంతువు చెక్కుచెదరకుండా ఉంటుంది. పైగా ప్రోటీనేజ్ పెంకును కరిగించదు, కాళ్ల పెంకులను కూడా కడిగి దాచుకోవచ్చు.

మిల్లీమీటరు పురుగును కోయలేకపోతే? ముందు స్లయిడ్ మీద సముద్రపు నీటి బొట్టులో పెట్టి, మూతగాజు వేసి, పట్లు, జననాంగం స్పష్టంగా కనిపించేలా ఫోటోలు తీసి, తర్వాత మొత్తాన్ని వాడండి. అదే చేప మీది ఇంకో పురుగును రంగు వేసి స్లయిడ్ చేయండి. పది పురుగులు ఒకే ట్యూబులో కలపాలన్న ఆశ పుడుతుంది, ఎందుకంటే డీఎన్‌ఏ చాలదు. అవి ఒకే జాతివని మీకు నూరు శాతం నమ్మకం ఉండదు. కలిపితే రెండు జాతుల అతుకుల బొంత వస్తుంది, అది చూడటానికి శుభ్రమైన జీనోమ్‌లాగే ఉంటుంది. ఈ పనిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు ఇదే.

డీఎన్‌ఏ తీయడం

చేప కండకు సిలికా కాలమ్ కిట్ చాలు. 20 నుంచి 25 మి.గ్రా. ముక్కను టిష్యూ కాగితం మీద అద్ది, సన్నగా తరిగి, మూత తెరిచి 56 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఆరబెట్టండి. ఇథనాల్ మిగిలితే ప్రోటీనేజ్ కే సరిగా పనిచేయదు. 180 మైక్రోలీటర్ల లైసిస్ బఫర్, 20 మైక్రోలీటర్ల ప్రోటీనేజ్ కే వేసి 56 డిగ్రీల దగ్గర కండ పూర్తిగా కరిగేదాకా ఉంచాలి. సాధారణంగా మూడు గంటలు, రాత్రంతా ఉంచినా పర్వాలేదు. తర్వాత ఆర్‌ఎన్‌ఏజ్ వేసి రెండు నిమిషాలు ఆగి, బైండింగ్ బఫర్ 200, ఇథనాల్ 200 కలిపి కాలమ్‌లో పోయండి.

పురుగుకు అదే పద్ధతి సగం పరిమాణాల్లో, రాత్రంతా. చివర్లో 60 డిగ్రీలకు వేడిచేసిన ఎల్యూషన్ బఫర్ 25 మైక్రోలీటర్లు కాలమ్ మధ్యలో వేసి ఐదు నిమిషాలు ఆగి తిప్పండి, ఆ ద్రవాన్నే మళ్లీ కాలమ్‌లో వేసి ఇంకోసారి తిప్పండి.

కిట్‌కు డబ్బు లేకపోతే ఫినాల్-క్లోరోఫామ్ పద్ధతి ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది, పొడవైన డీఎన్‌ఏ కావాలంటే ఇదే మెరుగు. ట్రిస్ 10 మిల్లీమోలార్, ఈడీటీఏ 10 మిల్లీమోలార్, సోడియం క్లోరైడ్ 100 మిల్లీమోలార్, ఎస్‌డీఎస్ 0.5 శాతం ఉన్న బఫర్ 500 మైక్రోలీటర్లలో, 20 మి.గ్రా./మి.లీ. ప్రోటీనేజ్ కే 10 మైక్రోలీటర్లు వేసి కరిగించండి. సమాన పరిమాణం ఫినాల్-క్లోరోఫామ్-ఐసోఅమైల్ ఆల్కహాల్ (25:24:1) కలిపి మెల్లగా తలకిందులు చేయండి, వోర్టెక్స్ చేయకండి. 12,000 జీ దగ్గర పది నిమిషాలు తిప్పి పై పొర తీసుకోండి. మధ్యలోని తెల్లపొర కొంచెం కూడా రాకూడదు, పై పొరలో పావు వంతు వదిలేసినా నష్టం లేదు. ఒకసారి క్లోరోఫామ్‌తో కడిగి, పదో వంతు 3 మోలార్ సోడియం అసిటేట్, రెండున్నర రెట్లు చల్లని ఇథనాల్ వేసి మైనస్ 20లో గంట ఉంచండి. పురుగు నమూనాలో ఒక మైక్రోలీటరు గ్లైకోజెన్ కూడా వేయండి, లేకపోతే కంటికి కనపడని డీఎన్‌ఏ ఉండ పారబోతలో పోతుంది.

కొలతకు నానోడ్రాప్ యంత్రాన్ని నమ్మకండి. అది ఆర్‌ఎన్‌ఏనూ, మిగిలిన ఫినాల్‌నూ కలిపి లెక్కిస్తుంది. శుద్ధత చూడటానికి మాత్రం పనికొస్తుంది (260/280 సుమారు 1.8, 260/230 సుమారు 2). ఎంతుందో క్యూబిట్‌తో (డీఎన్‌ఏకు అంటుకునే రంగు వెలుగును కొలిచే యంత్రంతో) కొలవండి. చేప నుంచి మైక్రోగ్రాములు వస్తాయి. చిన్న పురుగు నుంచి మొత్తం పది నానోగ్రాములు కూడా రాకపోవచ్చు. ఒక నానోగ్రాముతో పనిచేసే లైబ్రరీ కిట్లు (డీఎన్‌ఏను సీక్వెన్సర్‌కు సిద్ధం చేసేవి) ఉన్నాయి కాబట్టి ఆ మాత్రం చాలు. దాన్ని పెంచడానికి మొత్తం జీనోమ్ ఆంప్లిఫికేషన్ చేయడం చివరి మార్గం. అందులో దూరపు ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని వస్తాయి.

పెద్ద ఖర్చుకు ముందు చిన్న పరీక్ష

సీక్వెన్సర్‌కు పంపే ముందు ప్రతి డీఎన్‌ఏలోనూ కాక్స్1 అనే మైటోకాండ్రియా జన్యువు ముక్కను పీసీఆర్‌తో పెంచి సాంగర్‌లో (ఒక్కో ముక్కను విడిగా చదివే పద్ధతిలో) చదివించండి. 25 మైక్రోలీటర్లలో మాస్టర్ మిక్స్ 12.5, పది మైక్రోమోలార్ ప్రైమర్లు (ఏ ముక్కను పెంచాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) ఒక్కోటి 1, డీఎన్‌ఏ 2, నీళ్లు 8.5. 35 చక్రాలు: 94 డిగ్రీలు అర నిమిషం, 50 నుంచి 54 అర నిమిషం, 72 ఒక నిమిషం. చేపకూ ఐసోపాడ్‌కూ 650 బేస్‌ల పైచిలుకు బ్యాండు రావాలి. డీఎన్‌ఏ లేని ట్యూబు ఒకటి తప్పకుండా పెట్టండి.

ఫోల్మర్ బృందం 1994లో ఇచ్చిన ప్రైమర్లు అన్ని జంతువులకూ పనిచేస్తాయన్న పేరుంది కానీ బల్లపరుపు పురుగుల్లో తరచూ విఫలమవుతాయి. ఇంకా చిక్కేమిటంటే, పురుగు డీఎన్‌ఏ పట్టుకోలేనప్పుడు అదే ట్యూబులోని చేప డీఎన్‌ఏను చక్కగా పట్టుకుంటాయి. జెల్ మీద అందమైన బ్యాండు, చదివితే కానాగంత. బ్యాండు చూసి సంతోషపడకండి, సీక్వెన్స్ వచ్చేదాకా ఆగండి. పురుగులకు వాటి వర్గం కోసం తయారైన ప్రైమర్లే వాడాలి.

ఎంత డేటా కావాలి

మైటోకాండ్రియాను విడిగా తీయనక్కర్లేదు. మొత్తం డీఎన్‌ఏను పైపైన చదివితే చాలు, ఒక్కో కణంలో దాని నకళ్లు వందలు వేలు ఉంటాయి కాబట్టి. లెక్క ఇలా చూడండి. 150 బేస్‌ల జత రీడ్లు (ఒక్కో డీఎన్‌ఏ ముక్కను రెండు కొసల నుంచి యంత్రం చదివినవి) కోటి జతలు తీస్తే 300 కోట్ల బేస్‌లు. చేప కేంద్రక జీనోమ్ సుమారు 80 కోట్లు అనుకుంటే అది నాలుగు సార్లు కూడా పూర్తిగా చదివినట్టు కాదు. కానీ రీడ్లలో అర శాతం మైటోకాండ్రియావైతే అవి కోటిన్నర బేస్‌లు, 16,500తో భాగిస్తే 900 సార్లు. పదో వంతు శాతమే వచ్చినా 180 సార్లు. జీనోమ్ కట్టడానికి 50 సార్లు ఉన్నా సరిపోతుంది. పురుగుకు మాత్రం రెట్టింపు అడగండి, అందులో కొంత చేపది, కొంత బ్యాక్టీరియాది పోతుంది.

సీక్వెన్సింగ్ సంస్థను ఒక్కటి తప్పకుండా అడగండి: ప్రతి లైబ్రరీకి రెండు వైపులా ప్రత్యేకమైన ఇండెక్స్ (ఏ నమూనాదో చెప్పే చిన్న డీఎన్‌ఏ గుర్తు) వేస్తున్నారా? ఒకే లేన్‌లో (సీక్వెన్సర్‌లోని ఒక అరలో) నడిచినప్పుడు కొన్ని రీడ్లు పక్క నమూనా ఖాతాలో పడతాయి. చేప నుంచి పురుగులోకి వచ్చే కలుషితానికి ఇది రెండో దారి. ఎంత కడిగినా పోదు. వీలైతే చేపలన్నీ ఒక లేన్‌లో, పురుగులన్నీ ఇంకోదాంట్లో పెట్టించండి.

పొడవైన రీడ్లు ఇచ్చే నానోపోర్ మంచిదే, ముఖ్యంగా మళ్లీమళ్లీ వచ్చే ముక్కలున్న పురుగులకు. దానికి డీఎన్‌ఏ పదివేల బేస్‌లకు తగ్గకుండా ఉండాలి. ఐస్ మీద రోజంతా ఉన్న చేప పురుగులో అంత పొడవు అరుదు. 0.8 శాతం జెల్ మీద నడిపి చూసుకున్నాకే డబ్బు పెట్టండి.

జోడించడం

అడాప్టర్లు (రీడ్ల కొసల్లో మిగిలే కృత్రిమ ముక్కలు) కత్తిరించడానికి ఫాస్ట్‌పీ ప్రోగ్రాము చాలు. నాణ్యత పేరుతో మరీ కత్తిరించకండి. జీనోమ్ కట్టడానికి గెట్‌ఆర్గనెల్ ప్రోగ్రాము వాడండి, జంతు మైటోకాండ్రియా అన్న ఎంపికతో. అది చిక్కుముడి ఇస్తే, మీరు సాంగర్‌లో చదివిన సొంత కాక్స్1 ముక్కను విత్తనంగా ఇచ్చి నోవోప్లాస్టీ నడపండి. ఎవరి విత్తనం ఇస్తే వాళ్ల జీనోమే పెరుగుతుంది కాబట్టి ముందు చేసిన ఆ చిన్న పరీక్ష ఇక్కడ రెండోసారి అక్కరకొస్తుంది. పురుగు డేటాను ముందుగా అదే చేప జీనోమ్‌కు మ్యాప్ చేసి (ఏ రీడ్ ఎక్కడ అతుకుతుందో చూసి), అతికిన రీడ్లను తీసేస్తే దారి ఇంకా తేలికవుతుంది. ఒకే చేప నుంచి రెండూ తీయమనడంలో ఉన్న లాభం ఇది.

మైటోకాండ్రియల్ జీనోమ్ సాధారణంగా వృత్తంలా ఉంటుంది. అయినా ప్రోగ్రాము ఇచ్చే "వృత్తం పూర్తయింది" అన్న సందేశాన్ని గుడ్డిగా నమ్మకండి. రీడ్లను తిరిగి జీనోమ్ మీద మ్యాప్ చేసి లోతు (ఒక్కో చోటును ఎన్నిసార్లు చదివారో) చూడండి. అది దాదాపు సమంగా ఉండాలి. ఒక్కసారిగా సున్నాకు పడితే అక్కడ తప్పు అతుకు ఉంది. రెండు మూడు రెట్లు లేస్తే అక్కడ పునరావృతాలు నలిగిపోయాయి. బల్లపరుపు పురుగుల నియంత్రణ భాగంలో (జన్యువులు లేని చోట) ఇది మామూలే, 150 బేస్‌ల రీడ్లతో అక్కడి నిజమైన పొడవు తేలదు. అటూ ఇటూ ప్రైమర్లు పెట్టి పీసీఆర్ చేసి జెల్ మీద పొడవు కొలవండి, లేదా "పూర్తి కాలేదు" అని నిజాయితీగా రాయండి. 900 సార్ల లోతులో పదిహేను ఇరవై రీడ్లు మాత్రం వేరే అక్షరం చెబుతుంటే అది చాలాసార్లు కేంద్రకంలోకి ఎప్పుడో జారిపోయిన మైటోకాండ్రియా నకలు.

వృత్తమే ఉండాలన్న పట్టుదల కూడా మంచిది కాదు. నేల మీద తిరిగే ఐసోపాడ్ ఆర్మడిలిడియం వల్గేర్‌లో సుమారు 14,000 బేస్‌ల సరళ అణువూ, రెండు కలిసిన 28,000 బేస్‌ల వృత్తమూ పక్కపక్కనే ఉంటాయి. మనిషి పేనులో 37 జన్యువులు 18 చిన్న వృత్తాలుగా పంచుకుని ఉన్నాయని 2009లో తేలింది. సాల్మన్ చేప కండలో బతికే హెన్నెగుయా సాల్మినికోలా అనే పరాన్నజీవికి మైటోకాండ్రియల్ జీనోమే లేదని 2020లో ప్రకటించారు. అలాగని మీ పురుగులో జీనోమ్ రాకపోతే "లేదు" అనేయకండి. కేంద్రక జన్యువులు బాగా వచ్చి, దగ్గరి బంధువులో అదే పద్ధతికి మైటోకాండ్రియా దొరికి, మీదాంట్లో మాత్రమే దొరకనప్పుడే ఆ మాట అనాలి.

జన్యువులకు పేర్లు పెట్టడం, సంకేత పట్టిక

జన్యువులను గుర్తించే మైటోస్2లో ఫైలు పెట్టేటప్పుడు జన్యు సంకేత పట్టిక (ఏ మూడక్షరాలకు ఏ అమైనో ఆమ్లమో చెప్పేది) అడుగుతుంది. చేపకు 2, ఐసోపాడ్‌కూ నెమటోడ్‌కూ 5, బల్లపరుపు పురుగుకు 9. పురుగుకు పొరపాటున 2 ఇస్తే తప్పు వెంటనే బయటపడుతుంది. ఏజీఏ, ఏజీజీ అక్కడ ఆగమనే గుర్తులు కాబట్టి ప్రోటీన్లు మధ్యలో తెగిపోతాయి. బల్లపరుపు పురుగుకు 9 బదులు 5 ఇస్తే అలా ఏ హెచ్చరికా రాదు. ఆగే గుర్తులు రెండిట్లోనూ ఒకటే. కానీ 5లో ఏఏఏ అంటే లైసిన్, 9లో ఆస్పరాజిన్. 5లో ఏటీఏ మిథియోనిన్, 9లో ఐసోల్యూసిన్. ప్రోటీన్ నిండుగా, ముచ్చటగా వస్తుంది, లోపల వందలాది అక్షరాలు తప్పు. ఆ తప్పుతోనే వంశవృక్షం కూడా తయారవుతుంది.

చేపకు మైటోఆనొటేటర్ ఇంకా చక్కగా పనిచేస్తుంది. ఏదైనా సరే, యంత్రం ఇచ్చిన హద్దులను చేత్తో సరిచూడాలి. చేపల్లో కాక్స్1 చాలావరకు జీటీజీతో మొదలవుతుంది, ఏటీజీ కోసం వెతికి ముందుకో వెనక్కో జరపకండి. కొన్ని జన్యువుల చివర ఒక్క టీ, లేదా టీఏ మాత్రమే ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏకు ఏ అక్షరాల తోక తగిలాక అది టీఏఏ (ఆగే గుర్తు) అవుతుంది. చేపల్లో నాడ్6 జన్యువు, ఎనిమిది ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏలు డీఎన్‌ఏ ఎదురు పోగు మీద ఉండాలి. బల్లపరుపు పురుగుల్లో అన్నీ ఒకే పోగు మీద, ఏటీపీ8 జన్యువు ఉండదు. నెమటోడ్లలోనూ ఎక్కువగా ఏటీపీ8 ఉండదు, ట్రైకినెల్లా అనే నెమటోడ్ దానికి మినహాయింపు. లేని జన్యువు కోసం రోజులు వెతకడం కన్నా ఈ నాలుగు సంగతులు గోడకు అంటించుకోవడం మేలు. నెమటోడ్ ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏలకు ఒక చెయ్యి ఉండదు, సాధారణ ప్రోగ్రాములు వాటిని వదిలేస్తాయి.

వంశవృక్షం

ప్రోటీన్ జన్యువులను కోడాన్ వారీగా వరుస చేయండి, మూడేసి అక్షరాలు చెదరకుండా. ఒకే ప్రజాతిలోని జాతుల్ని పోల్చేటప్పుడు డీఎన్‌ఏ చాలు. కుటుంబాలు దాటితే కోడాన్ మూడో అక్షరం ఎన్నోసార్లు మారి అర్థం కోల్పోతుంది, దాన్ని తీసేయండి లేదా అమైనో ఆమ్లాలకు వెళ్లండి. చెట్టు కట్టే ఐక్యూ-ట్రీ ప్రోగ్రాములో జన్యువుల వారీ విభజన, మోడల్‌ఫైండర్, 1000 అల్ట్రాఫాస్ట్ బూట్‌స్ట్రాప్‌లు (కొమ్మ ఎంత గట్టిదో చూసే పరీక్షలు). ఆ అంకె 95 దాటితేనే కొమ్మను నమ్మాలి; పాత బూట్‌స్ట్రాప్‌లో లాగా 70 చూసి సంబరపడకూడదు.

పరాన్నజీవులు వేగంగా మారతాయి, వాటి జీనోమ్‌లో ఏ, టీ అక్షరాలు ఎక్కువ. బంధుత్వం లేని రెండు పొడవైన కొమ్మలు పోలిక వల్ల ఒకదాన్నొకటి లాక్కుని అక్కచెల్లెళ్లలా కూర్చుంటాయి. ఐసోపాడ్లలో ఇంకో మెలిక: జీనోమ్ నకలు మొదలయ్యే చోటు తిరగబడినందువల్ల జీ, సీ అక్షరాల తూకం కొన్ని కుటుంబాల్లో ఒకవైపు, మిగతావాటిలో ఎదురువైపు ఉంటుంది. తూకం కలిసినవి బంధువులు కాకపోయినా ఒకచోట చేరతాయి. ప్రతి జాతికీ ఆ తూకం లెక్కగట్టి చెట్టు పక్కన రంగులు వేసి చూడండి. రంగులూ కొమ్మలూ మరీ చక్కగా కలిసిపోతే అనుమానించాలి. ఫైలోబేస్ ప్రోగ్రాములో కాట్ మోడల్‌తో (ఇలాంటి పోలికకు తక్కువగా మోసపోయే పద్ధతితో) మళ్లీ కట్టి కొమ్మ నిలుస్తుందో లేదో చూడండి.

చేపల చెట్టు, పురుగుల చెట్టు ఎదురెదురుగా పెట్టి ఎవరు ఎవరి మీద ఉంటారో గీతలు గీయండి. గీతలు అడ్డదిడ్డంగా ఉంటే పురుగు చేపను మార్చిందనే అనిపిస్తుంది. కానీ మీ జాబితాలో లేని చేపలో ఆ పురుగు బంధువులు ఉండి ఉండొచ్చు, లేదా పాతకాలపు వంశాల్లో ఒకటి అంతరించి ఉండొచ్చు. పారాఫిట్ లాంటి పరీక్షతో గీతల పొందిక యాదృచ్ఛికమా అని చూశాకే రాయండి. ఇరవై చేపలు చూసి ఒకే చేపలో ఒకే పురుగు దొరికితే, అది ఆ చేప అసలు పరాన్నజీవో దారితప్పి వచ్చిందో చెట్టు చెప్పదు. దానికి రేవులో ఇంకో ఇరవై చేపల మొప్పలు ఎత్తాల్సిందే.

దాఖలు

జీనోమ్‌ను జెన్‌బ్యాంక్ డేటాబేస్‌లోనూ, ముడి రీడ్లను ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్‌లోనూ పెట్టొచ్చు. ముడి రీడ్లు పెట్టకపోతే మీ పురుగు జీనోమ్‌లో చేప ముక్క కలిసిందేమో వేరేవాళ్లు చూసే వీలుండదు. పురుగు దాఖలాలో అతిథేయి గడిలో చేప శాస్త్రీయ నామం, అదే చేప జీనోమ్ నంబరు, వోచర్ నంబరు, సరంగు చెప్పిన వేట చోటు రాయండి. వోచర్ స్లయిడ్లను కోల్‌కతాలోని జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వంటి చోట నమోదు చేయించి, ఆ నంబరు వచ్చాకే దాఖలు పూర్తిచేయండి. మిగిలిన డీఎన్‌ఏను రెండు ట్యూబులుగా పంచి, రెండూ ఒకే ఫ్రీజర్‌లో పెట్టకండి.